ఫోటో ఒకటే, గోడ వేరు

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్లను గుంపులు పట్టుకొచ్చి చెట్లకు ఉరితీసేవి. ఆ దృశ్యాన్ని ఫోటోగ్రాఫర్లు తీసి, పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మేవాళ్లు. కొన్నవాళ్లు వెనకాల నాలుగు ముక్కలు రాసి చుట్టాలకు పంపేవాళ్లు. శవం పక్కన నిలబడ్డ మనుషులు మొహాలు దాచుకోలేదు. కొందరు కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు కూడా.

జేమ్స్ అలెన్ అనే పాత వస్తువుల వ్యాపారి ఈ కార్డులను ఏళ్ల తరబడి సేకరించాడు. 2000 జనవరిలో న్యూయార్క్‌లోని ఓ చిన్న గ్యాలరీలో వాటిని ప్రదర్శనకు పెడితే, చలిలో జనం వీధి పొడవునా బారులు తీరారు. 'వితౌట్ శాంక్చువరీ' పేరుతో ఆ సేకరణ పుస్తకంగా వచ్చింది, పిట్స్‌బర్గ్‌కూ అట్లాంటాకూ వెళ్లింది. ఉరితీతలను ఆపే చట్టాన్ని దశాబ్దాల పాటు చేయకుండా వదిలేసినందుకు 2005 జూన్‌లో అమెరికా సెనేట్ క్షమాపణ తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని తెచ్చినవాళ్లలో ఒకరైన సెనేటర్ మేరీ లాండ్రూ, ఈ ఫోటోల పుస్తకం తనను కదిలించిందని చెప్పారు.

వేడుకగా తీసుకున్న ఫోటో నేరానికి సాక్ష్యమైంది. బొమ్మ అదే, మొహాలూ అవే. ఎవరు పెట్టారు, ఎవరి ముందు పెట్టారు, పక్కన ఏం రాశారు అన్నవే మారాయి. డాక్యుమెంటరీ ఫోటో ప్రదర్శనల మీద జరిగే వాదనల్లో సగం ఈ సంగతి మరిచిపోవడం వల్లే చిక్కుపడతాయి. ఒకరు "ఫోటోలు ప్రపంచాన్ని మార్చాయి" అంటారు. ఇంకొకరు "పేదరికానికి ఫ్రేము కట్టి అమ్ముకుంటున్నారు" అంటారు. ఇద్దరూ ఫోటో గురించే మాట్లాడుతున్నామనుకుంటారు. చాలాసార్లు ఇద్దరి గొడవా గోడ గురించి.

(అన్నట్టు, ఈ తిరగేసే పని అలెన్ కంటే చాలా ముందే మొదలైంది. 1916లో టెక్సస్ రాష్ట్రం వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే యువకుణ్ని గుంపు చంపి కాల్చేసినప్పుడు తీసిన ఫోటోలనే నల్లజాతి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ తన పత్రికలో వేసి దేశానికి చూపించింది.)

గోడ దగ్గర జరిగే పని

ఏళ్ల తరబడి తీసిన వేల ఫ్రేముల్లోంచి గోడకెక్కేవి నలభయ్యో యాభయ్యో. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది క్యూరేటర్ చేతిలో ఉంటుంది. ఫోటోగ్రాఫర్‌కూ క్యూరేటర్‌కూ అసలు కుస్తీ ఇక్కడే. ఆ తర్వాత వరస. ఖాళీ పొలం ఫోటో పక్కన నగరంలో కూలీ అడ్డా ఫోటో పెడితే వలస కథ అవుతుంది. అదే పొలం పక్కన బ్యాంకు నోటీసు పెడితే అప్పు కథ అవుతుంది. సైజు కూడా మాట్లాడుతుంది. అరచేయంత ప్రింట్ ముందు వంగి, దగ్గరకెళ్లి, దాదాపు గుసగుసలాడుతూ చూస్తాం. పదడుగుల ప్రింట్ ముందు రెండడుగులు వెనక్కి వేస్తాం.

అన్నిటికంటే ఎక్కువ పని చేసేది, అన్నిటికంటే తక్కువమంది పట్టించుకునేది క్యాప్షన్. "ఆకలితో ఉన్న తల్లి" అని రాస్తే చూసేవాడికి జాలి కలుగుతుంది. ఆమె పేరు, ఊరు, రోజు కూలి, ఆ కూలి ఇవ్వని యజమాని ఏ పంట పండిస్తాడో రాస్తే చూసేవాడికి ప్రశ్నలు పుడతాయి. ఫోటోలో ఒక్క చుక్క కూడా మారకుండానే జాలి కాస్తా ఫిర్యాదుగా మారుతుంది. ఇక ఆ క్యాప్షన్ ఏ భాషలో ఉంది, లోపలికి టికెట్ ఉందా, సెక్యూరిటీ గార్డు ఎవరిని చూసి మొహం చిట్లిస్తాడు, చివరి ప్యానెల్ మీద ఏ స్పాన్సర్ లోగో ఉంది అన్నవి కూడా ప్రదర్శనలో భాగమే. బ్రోషర్‌లో మాత్రం వీటి ఊసుండదు.

చట్టం దాకా వెళ్లిన ఫోటోలు

"ఫోటోలు సమాజాన్ని మార్చాయి" అనేవాళ్లు ముందుగా చెప్పే పేరు లూయిస్ హైన్. న్యూయార్క్‌లో బడిపంతులుగా ఉన్న హైన్‌ను 1908లో బాలకార్మిక వ్యవస్థపై పోరాడే జాతీయ కమిటీ ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. బట్టల మిల్లులు, బొగ్గు గనులు, చేపల డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలు, అన్నిచోట్లా తిరిగాడు. లోపలికి రానివ్వరు కాబట్టి బైబిళ్లు అమ్మేవాడిలా, తనిఖీ అధికారిలా వేషాలు కట్టేవాడు. తన చొక్కా పైకోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుని, పక్కన నిలబడ్డ పిల్ల ఎత్తును ఆ గుండీలతో లెక్కగట్టేవాడు. పేరు, వయసు, పనిగంటలు జేబులోనే చెయ్యి పెట్టి రాసుకునేవాడు.

ఆ ఫోటోలు ఆర్ట్ గ్యాలరీల కోసం తీసినవి కావు. అక్షరాలు, అంకెలు కలిపి పెద్ద ప్యానెళ్లుగా చేసి సభల్లో, సదస్సుల్లో నిలబెట్టేవాళ్లు. కరపత్రాల్లో వేసేవాళ్లు, స్లైడ్లుగా వెలుగులో చూపిస్తూ ఉపన్యాసాలిచ్చేవాళ్లు. 1912లో పిల్లల కోసం ఫెడరల్ బ్యూరో వచ్చింది. 1916లో బాలకార్మికులు చేసిన సరుకును రాష్ట్రాల మధ్య రవాణా చేయకూడదని చట్టం వచ్చింది. 1918లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నిలబడిన ఫెడరల్ చట్టం రావడానికి 1938 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే హైన్ కెమెరా పట్టుకుని బయల్దేరిన ముప్పై ఏళ్లకు. రెండేళ్లకు, ఇల్లు కూడా చేజారి, పేదరికంలో హైన్ చనిపోయాడు.

ఈ తేదీలను వరసగా పెట్టి చూస్తే ఫోటో ఒక్కటే మార్పు తెచ్చిందనడం కష్టం, ఏమీ చేయలేదనడం ఇంకా కష్టం. ఫోటో తలుపు తట్టింది. లోపలికెళ్లి కూర్చుని బేరమాడింది కమిటీ, కార్మిక సంఘాలు, ఓట్లు. ప్రదర్శన పక్కన అలాంటి సంఘం లేకపోతే చూసినవాళ్ల బాధ ఎటు వెళ్లాలో తెలియక ఎటో పోతుంది. 1938 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరిగిన అంతర్జాతీయ ఫోటో ప్రదర్శనలో, ఆర్థిక మాంద్యం నాటి పల్లె పేదల ఫోటోలను అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఏ పెట్టింది. అభిప్రాయాలు రాయమని కార్డులు ఉంచితే వందలమంది రాశారు. ఇలాంటివి దేశమంతా చూపించాలన్నవాళ్లున్నారు. వీళ్లకు పిల్లల్ని తక్కువ కనమని నేర్పండి అన్నట్టు రాసినవాళ్లూ ఉన్నారు. అవే ఫోటోలు చూసి!

ఆ ఎఫ్ఎస్ఏ ఫోటోల్లోనే అన్నిటికంటే పేరుపడ్డది డొరొతియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర తీసిన వలస తల్లి ఫోటో. పత్రికలో వచ్చాక ఆ శిబిరానికి ప్రభుత్వం ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. 1978లో గానీ ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియలేదు. ఆమె చెరొకీ ఆదివాసి సంతతి అన్న సంగతి కూడా ఆ తర్వాతే బయటికొచ్చింది. నలభై ఏళ్లుగా ఆ మొహంలో శ్వేతజాతి రైతు గుండెధైర్యాన్ని చూసుకుంటున్నవాళ్లకు అది కొత్త వార్త. ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధ. 1998లో ఒక పాత ప్రింట్ వేలంలో రెండు లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆమె 1983లోనే చనిపోయారు.

అందరం ఒకటే అన్న ప్రదర్శన

సంస్కృతుల మధ్య మాటామంతీ కలపడానికి ఫోటో ప్రదర్శనను వాడుకోవడంలో 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్'ను మించింది లేదు. 1955 జనవరిలో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్ దాన్ని ఏర్పాటు చేశాడు. 68 దేశాలు, 273 మంది ఫోటోగ్రాఫర్లు, 503 ఫోటోలు. ఆర్కిటెక్ట్ పాల్ రుడోల్ఫ్ ఆ ఫోటోలను గోడలకు వరసగా కొట్టేయలేదు. కొన్ని కప్పు నుంచి వేలాడాయి, కొన్ని స్తంభాల మీద నిలబడ్డాయి. జనం వాటి మధ్యలోంచి నడిచారు. ప్రేమ, పుట్టుక, పని, ఆట, చావు, ఇలా వరస. ఫోటో కింద ఏం జరిగిందో ఉండదు. ఫోటోగ్రాఫర్ పేరు, దేశం పేరు ఉంటాయి. మధ్యమధ్యలో లోకంలోని సామెతలు, పవిత్ర గ్రంథాల వాక్యాలు. చివర్లో హైడ్రోజన్ బాంబు పేలుడు నిలువెత్తు రంగుల్లో. యుద్ధం ముగిసి పదేళ్లే అయింది. కొట్టుకు చావకండి, మనమంతా ఒక కుటుంబం అని చెప్పడం ఉద్దేశం.

అమెరికా ప్రభుత్వ ప్రచార సంస్థ దాని నకళ్లు తయారు చేసి 37 దేశాలు తిప్పింది. చూసినవాళ్లు 90 లక్షలకు పైనే. మన దేశానికీ వచ్చింది. ఒక ఫోటో ప్రదర్శనను అంతమంది చూడటం అప్పటిదాకా ఎరగరు.

ఫ్రెంచ్ విమర్శకుడు రొలాఁ బార్త్ దాన్ని పారిస్‌లో చూసి గట్టిగానే తగులుకున్నాడు. మనుషులంతా పుడతారు, చస్తారు, నిజమే. కానీ ఎలా పుడుతున్నారు, ఎలా చస్తున్నారు అన్నది చరిత్ర, ఆస్తి, అధికారం తేలుస్తాయి. 1955లోనే తెల్లవాళ్లు చంపేసిన నల్లజాతి పిల్లాడు ఎమెట్ టిల్ తల్లిదండ్రులను అడగండి ఈ మహా కుటుంబం గురించి ఏమంటారో అన్నది అతని వాదన సారం. బార్త్ మాట వదిలేసినా, ప్రదర్శన తిరిగిన దారే చాలా చెబుతుంది. న్యూయార్క్‌లోనే, ఒక ఉరితీత బాధితుడి ఫోటోను మొదలైన కొద్ది రోజులకే తీసేశారు. 1956లో టోక్యోలో నాగసాకి అణుబాంబు బాధితుల ఫోటోలు చేర్చారు. చక్రవర్తి చూడ్డానికి వచ్చినప్పుడు వాటికి తెర కప్పారు, ఆ తర్వాత తీసేశారు. 1959లో మాస్కోలో ఒక నైజీరియా విద్యార్థి కొన్ని ఫోటోలను చింపేశాడు. ఆఫ్రికా మనుషులు ఒంటి మీద సరిగ్గా బట్టల్లేకుండా, యూరప్, అమెరికా మనుషులు ముస్తాబై కనిపించడం అతని ఫిర్యాదు.

స్టైకెన్‌ను ఎగతాళి చేయడం ఇప్పుడు తేలిక, ఫ్యాషన్ కూడా. ఆ గదుల్లో కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు వెర్రివాళ్లని నేననుకోను. కానీ ఆ ఫోటోగ్రాఫర్లలో సగానికి పైగా అమెరికన్లే. కుటుంబం అందరిదీ అయినా కెమెరా ఎక్కువగా ఒక ఇంటివాళ్ల చేతిలోనే ఉండిపోయింది. పోలికలు వెతికినవాళ్లకు పోలికలే దొరికాయి, ఎందుకు తేడాలున్నాయో అడిగే గది ఆ భవనంలో కట్టలేదు. ఆ ప్రదర్శన 1994 నుంచి లక్సెంబర్గ్‌లోని క్లెర్వో కోటలో శాశ్వతంగా ఉంది. 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది.

తీసిన చోటికి తిరిగి

1970ల చివర్లో నికరాగువా విప్లవాన్ని ఫోటోలు తీసిన అమెరికన్ సుసాన్ మైసెలాస్ 2004లో మళ్లీ అక్కడికి వెళ్లారు. తన ఫోటోల్లో 19 ఎంచుకుని, నిలువెత్తు ప్రింట్లు వేయించి, ఒక్కోదాన్ని అది తీసిన వీధిలోనే, ఆ గోడ దగ్గరే నిలబెట్టించారు. పాతికేళ్ల కింద అక్కడే పోరాడినవాళ్లు, అసలు ఆ సంగతే తెలియని కుర్రాళ్లు ఒకే బొమ్మ ముందు నిలబడి మాట్లాడుకున్నారు. ప్రపంచ మ్యూజియాల్లో తిరిగిన ఫోటో తన ఊరికి వచ్చి తన వాళ్లనుంచే మాట పడటానికి సిద్ధపడటం, నా దృష్టిలో, ఈ రంగంలో జరిగిన ఉత్తమమైన పనుల్లో ఒకటి.

దక్షిణాసియాలో ఈ పని ఇంకా సహజంగా జరిగింది. బహుశా ఇక్కడ గ్యాలరీకి వెళ్లే అలవాటు తక్కువ కావడం వల్లే కావచ్చు. ఢాకాలో షహీదుల్ ఆలం మొదలుపెట్టిన ఛబీ మేళా ఫోటో ఉత్సవం 2000 నుంచి నడుస్తోంది. రిక్షా బళ్లకు ఫోటోలు కట్టి పేటపేటకీ తిప్పుతారు. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో గ్రామీణ మహిళల శ్రమను తీసిన ఫోటోల ప్రదర్శన బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో నిలబడింది. దేశంలో ఏడు లక్షలమందికి పైగా చూశారని ఆయన సంస్థ పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా (పరి) చెబుతుంది. ఆ ఫోటోల్లో, ఆంధ్రలోని ఒక ఇటుక బట్టీలో మండుటెండన చెప్పుల్లేకుండా ఇటుకలు మోసే ఒడిశా వలస కూలీలున్నారు. బస్టాండ్‌లో ఆ ప్యానెల్ ముందు ఆగేవాళ్లలో కొందరు ఆ పని చేసినవాళ్లే అయ్యుంటారు. వాళ్ల ముందు తప్పుడు క్యాప్షన్ నిలవదు. గ్యాలరీలో ఆ భయం ఉండదు.

నేపాల్‌లో పదేళ్ల అంతర్యుద్ధం 2006లో ముగిశాక, పత్రికా సంపాదకుడు కుంద దీక్షిత్ ఆ యుద్ధం ఫోటోలను పోగుచేసి జిల్లా జిల్లాకూ తీసుకెళ్లారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ, తుపాకీ పట్టినవాళ్లూ ఒకే గదిలోకి వచ్చి చూశారు, అక్కడ పెట్టిన పుస్తకాల్లో తమ మాట రాశారు. ప్రదర్శన దేనికి పనికొస్తుందో చెప్పమంటే నేను మొదట ఆ గదినే చూపిస్తాను.

గోడ ఎంత పని చేస్తుందో ప్రభుత్వాలకు బాగా తెలుసు. 2010 మార్చిలో ఢాకాలోని దృక్ గ్యాలరీలో 'క్రాస్‌ఫైర్' ప్రదర్శనను పోలీసులు అడ్డుకున్నారు. మనం ఎన్‌కౌంటర్ అనేదాన్ని అక్కడ క్రాస్‌ఫైర్ అంటారు. ఆ ఫోటోల్లో ఒక్క శవం లేదు. మనుషులు చనిపోయిన చోట్లను గుర్తుచేసే ఖాళీ దృశ్యాలు మాత్రమే. విషయం కోర్టుకెక్కాక గానీ పోలీసులు గేటు వదల్లేదు.

ఎవరి చేతిలో కెమెరా

బయటివాళ్లు తీస్తే తప్పులొస్తున్నాయి కాబట్టి కెమెరా లోపలివాళ్లకే ఇచ్చేద్దాం అన్న ఆలోచన 1990లలో ఊపందుకుంది. చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ పల్లె మహిళలకు కెమెరాలిచ్చి, వాళ్లు తీసిన ఫోటోలు, చెప్పిన కథలు అధికారుల ముందుకు తీసుకెళ్లారు. ఫోటోవాయిస్ అనే ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. మంచిదే. కానీ చాలా ప్రాజెక్టుల్లో తీసేది వాళ్లు, ఎంచేది మళ్లీ ఎన్జీవో ఆఫీసులో కూర్చున్నవాళ్లు. ఎంపిక చేతికి రాకుండా కెమెరా చేతికొస్తే సగం పనే జరిగినట్టు.

ఇంకో దారి గౌరీ గిల్, రాజేష్ వంగాడ్ పట్టారు. గిల్ ఫోటోగ్రాఫర్, వంగాడ్ మహారాష్ట్రకు చెందిన వార్లీ ఆదివాసి చిత్రకారుడు. వంగాడ్ ఊరి పరిసరాల్లో గిల్ ఫోటోలు తీస్తే, ఆ ప్రింట్ల మీదే వంగాడ్ సన్నటి వార్లీ గీతలతో బొమ్మలు వేశాడు. ఫోటోలో ఆ నిమిషం కనిపించేది ఖాళీ కొండ. గీతల్లో ఆ కొండ మీద బతికిన మనుషులు, దేవతలు, పోయిన అడవి ఉన్నాయి. ఎవరి పని ఎక్కడ ఆగిందో తేల్చలేం, ఇద్దరి పేర్లూ ఉంటాయి. సాంస్కృతిక వినిమయం పేరుతో జరిగే చాలా కార్యక్రమాల్లో ఒకరు చూస్తారు, ఒకరు చూడబడతారు. ఇక్కడ ఒకే కాగితం మీద ఇద్దరూ వాదించుకున్నారు.

పేర్ల సంగతిలోనూ ఇదే తేడా. బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సెబాస్టియో సల్గాడో వలసల ఫోటోల ప్రదర్శన ప్రపంచమంతా తిరిగినప్పుడు, అంత బాధను అంత అందంగా చూపించవచ్చా అని పెద్ద చర్చ నడిచింది. నాకు ఆ చర్చ కంటే అమెరికన్ రచయిత్రి సుసాన్ సాంటాగ్ వేసిన ప్రశ్న పదునుగా తోస్తుంది: ఆ క్యాప్షన్లలో మనుషుల పేర్లెందుకు లేవు? పేరు లేని మనిషి తన వృత్తికో జాతికో కష్టానికో నమూనాగా మిగిలిపోతాడు. దక్షిణాఫ్రికాకు చెందిన జనేలే ముహోలి 2006 నుంచి నల్లజాతి లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పోర్ట్రెయిట్లు తీస్తున్నారు. పేరు, ఊరు, సంవత్సరం ప్రతిదానికీ ఉంటాయి. బాధకు అందం అంటకూడదనేవాళ్లతో నేను ఏకీభవించను. అందంగా తీసినా పేరు రాయడానికి అడ్డేమీ లేదు.

ఈ చిక్కులన్నీ ఒకచోట పడ్డ కేసు ఒకటుంది. 1850లో హార్వర్డ్ శాస్త్రవేత్త లూయిస్ అగాసిజ్, జాతులు వేరని రుజువు చేయాలని, దక్షిణ కరొలైనాలో బానిసలుగా ఉన్న రెంటీ, ఆయన కూతురు డీలియా సహా కొందరిని బట్టలు విప్పించి ఫోటోలు తీయించాడు. అవి హార్వర్డ్ మ్యూజియం అటకెక్కి, 1976లో బయటపడ్డాయి. 1990లలో కళాకారిణి క్యారీ మే వీమ్స్ వాటిని ఎర్రటి రంగులో పెద్దవి చేసి, పైన అద్దం మీద మాటలు చెక్కించి ప్రదర్శించారు. హార్వర్డ్ మొదట కేసు వేస్తానంది, తర్వాత ఆ కళాఖండాన్నే కొనుక్కుంది. రెంటీ వారసురాలినంటూ టమారా లానియర్ 2019లో కోర్టుకెళ్లారు. ఫోటోలో ఉన్నంత మాత్రాన ఫోటో మీద హక్కు రాదని, అయితే ఆమె పట్ల హార్వర్డ్ నడుచుకున్న తీరుకు ఆమె దావా వేయవచ్చని 2022లో మసాచుసెట్స్ సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మేలో రాజీ కుదిరింది. ఫోటోలు హార్వర్డ్ చెయ్యి దాటి, అవి తీసిన దక్షిణ కరొలైనా రాష్ట్రంలోనే ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి వెళ్లాలన్నది ఆ రాజీ. వాటి కథ ఎలా చెప్పాలన్న నిర్ణయాల్లో లానియర్‌ను కలుపుకుంటామని ఆ మ్యూజియం మాట ఇచ్చింది.